మరల సైకిలెక్కువారికి పాదక్రమము

సైకిలు తొక్కుట ఒకసారి వచ్చినచో జన్మలో మరువరని అందరును అందురు. అది నిజమే. 20 ఏండ్ల తరువాత ఎక్కినను నాలుగు గజములు ఊగిసలాడి చక్రము దారిలో పడును. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. మెదడు మరువలేదు గనుక మోకాలు కూడ మరువలేదని మనము నమ్ముదుము. గుండె, ఊపిరితిత్తులు, తొడల కండరములు, మోకాటి స్నాయువులు, కూర్చుండు భాగము - వీనికి అట్టి జ్ఞాపకము లేదు. ఇటీవలి నెలలలో ఏ పని చేసినవో ఆ పనికి మాత్రమే అవి సిద్ధముగా నుండును.

మన మధ్యతరగతి ఇండ్లలో 50 దాటిన పురుషులలో సైకిలు తొక్కనివారు అరుదు. స్త్రీలలోను తొక్కినవారు అనేకులు. గంటకింత అని అద్దెకు తెచ్చుకొని, సీటు అందక కమ్మీల మధ్యనుండి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు గీరుకొని నేర్చినవారే వీరందరును. కళాశాలకు, తొలి ఉద్యోగమునకు అదియే వాహనము. తరువాత స్కూటరు వచ్చెను, సైకిలు మెట్లక్రిందికి చేరెను, ఒకనాడు పాతసామాన్లవాడు దానిని తీసికొనిపోయెను. ఏ మధుమేహమో రక్తపోటో బయటపడి, వైద్యుడు వ్యాయామము చేయవలెనని చెప్పినప్పుడు అది మరల గుర్తునకు వచ్చును.

ఆలోచన మంచిదే. నడకలో, పరుగులో శరీరభారమును కాళ్లు మోయును. సైకిలుపై ఆ భారములో అధికభాగము సీటు మోయును. అందుచే స్థూలకాయులకు, మోకాళ్లు కొంత అరిగినవారికి కూడ ఇది అనుకూలించును. పెద్దవారికి వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వారమునకు నాలుగు దినములు 40 నిమిషముల చొప్పున తొక్కినను 160 నిమిషములగును.

నా వద్దకు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి సంగతి చెప్పెదను. వయస్సు 54. మధుమేహము వచ్చి ఆరేండ్లు. డిగ్రీ చదువునాళ్లలో కాలువగట్టు వెంట రోజూ రానుపోను 18 కిలోమీటర్లు తొక్కినవారు. కుమారుడు కొనియిచ్చిన గేర్ల సైకిలుపై తొలి ఆదివారమే గంటకు పైగా తొక్కి 16 కిలోమీటర్లు తిరిగివచ్చినారు. ఆ పూటంతయు ఉల్లాసముగా నున్నారట. మరునాడు మెట్లు దిగలేకపోయినారు. మూడవనాటికి కుడిమోకాలు వాచినది. నా యెదుట కూర్చుండి ఆయన మొదట అన్నమాట, "ఇక నా వయసైపోయిందండీ, ఇలాంటివాటికి పనికిరాను" అని. ప్రక్కనున్న ఆయన భార్య, "ఆ సైకిలు అమ్మేయమని మీరైనా చెప్పండి డాక్టరు గారూ" అన్నారు.

వాచిన మోకాలు కొద్ది వారములలో తగ్గును. నాకు భయము గొలిపినది ఆయన మాట. ఒక్క ఆదివారపు అనుభవముతో మనిషి తాను ముసలివాడనైతినని తీర్మానించుకొని కుర్చీకి అతుక్కుపోవును. ఆపై మధుమేహము తన పని తాను చేయును. సైకిలుపై నిమిషమునకు 60 చుట్లు తొక్కినచో గంటకు ఒక్కొక్క మోకాలు 3600 సార్లు ముడిచి చాచవలెను. ఏండ్ల తరబడి కుర్చీనుండి లేచుటకు, మెట్లెక్కుటకు మాత్రమే వంగిన కీలు అది! కండరము కొన్ని వారములలోనే బలపడును. దానిని ఎముకకు బంధించు స్నాయువులకు రక్తప్రసరణ తక్కువ గనుక అవి గట్టిపడుటకు నెలలు పట్టును. ఊపిరి కుదుటపడి, తొడలకు బలము వచ్చినట్లు తోచి, ఇంకను దూరము పోవలెనను ఉత్సాహము కలుగువేళకు స్నాయువులు ఇంకను వెనుకబడియే యుండును. పెక్కుమందికి దెబ్బ తగులునది అప్పుడే.

శాస్త్రము చెప్పిన రెండు కొలతలు

అష్టాంగహృదయము సూత్రస్థానము రెండవ అధ్యాయమగు దినచర్యలో వాగ్భటుడు వ్యాయామమువలని లాభములను చెప్పి, వెంటనే హద్దు గీసెను. బలము గలిగి నేయి, నూనెలతో కూడిన ఆహారము తినువారు సైతము చలికాలమందును వసంతమందును తమ శక్తిలో సగమునే వినియోగించవలెననియు, తక్కిన ఋతువులలో అంతకన్న తగ్గించవలెననియు ఆయన మతము. దీనినే అర్ధశక్తి అందురు. హద్దు మీరినచో దప్పిక, ఆయాసము, దగ్గు, జ్వరము మొదలగునవి కలుగునని కూడ అక్కడనే హెచ్చరించెను.

ఎవరి శక్తిలో సగము? కళాశాలనాటి శక్తిని తలచుకొని దానిలో సగము తీసినచో బ్యాంకు ఉద్యోగి గతియే పట్టును. నేటి ఉదయమున ఉన్న శక్తిలో సగమని గ్రహించవలెను. రాత్రి నిద్ర లేనినాడు ఆ శక్తియే తక్కువ, దానిలో సగము మరింత తక్కువ.

నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్లయందు చెమట పుట్టుట, నోరు ఎండుట, శ్వాస నోటికి వచ్చుట అర్ధశక్తికి గుర్తులని సంప్రదాయము. మన కోస్తాలో చెమటను నమ్ముకొనుట కష్టము. మే నెలలో విజయవాడలో సైకిలు తాళము తీయుసరికే నుదురు తడియును! కావున నేను శ్వాసకే ప్రాధాన్యమిత్తును. ముక్కుతో గాలి పీల్చుచు తొక్కగలిగినంతవరకు హద్దులో నున్నట్లు. నోరు తెరువక తప్పనిచో హద్దు దాటినట్లు. ముక్కుదిబ్బడ గలవారు మరొక గుర్తు చూచుకొనవచ్చును: ప్రక్కవారితో ఒక నిండు వాక్యమును ఆగకుండ మాటలాడగలుగుట. నేటి వైద్యులు కూడ ఈ మాటల పరీక్షనే చెప్పుచున్నారు. నాడిని లెక్కించు చేతిగడియారములను కొందరు నాకు చూపుదురు. రక్తపోటుకు గాని గుండెకు గాని అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడువారిలో నాడివేగమును ఆ మందే అణచియుంచును గనుక ఆ అంకెలు వారికి సరిపోవు.

రెండవ కొలత చరకసంహితలోనిది. సూత్రస్థానము ఏడవ అధ్యాయములో వ్యాయామమును గూర్చి చెప్పిన పిమ్మట, అహితమైన అలవాటును విడుచుటకును, హితమైనదానిని అలవరచుకొనుటకును పాదాంశిక క్రమము చెప్పబడినది. పాదమనగా నాలుగవ వంతు. దేనినైనను ఒక్కొక్క పాదముగా, నడుమ దినముల వ్యవధినిచ్చుచు, విడువవలెను లేదా గ్రహించవలెను. ఆ వ్యవధుల లెక్కపై వ్యాఖ్యాతలలో భేదములున్నవి, ఆ చర్చ మనకక్కరలేదు. ఈ క్రమమును నేను సైకిలుకు అన్వయించి రోగులకు చెప్పుచుందును. పాదములతో తొక్కు వాహనమునకు పాదక్రమము తగినదే గదా!

గమ్యము 40 నిమిషములనుకొందము. మొదటి పాదము 10 నిమిషములు. దినము విడిచి దినము, మూడు వారములు. "పది నిమిషములేనా?" అని నవ్వనివారు లేరు. నేను మాత్రము సడలించను. అయిదు నిమిషములు పోవుట, అయిదు నిమిషములు వచ్చుట. ఇంటినుండి ఎంత దూరము పోయితిమో అంతదూరము తిరిగి రావలసినదే అన్న లెక్కను ఉత్సాహములో మరతురు. గాలి వీచుచున్నచో పోవునపుడే దానికి ఎదురుగా పోవలెను. అలసినవేళ అది వెనుకనుండి తోయును. రెండవ పాదము 20 నిమిషములు, మరి మూడు వారములు, ఇదియు దినము విడిచి దినమే. మూడవ పాదమునుండి వారమునకు నాలుగు దినములు తొక్కవచ్చును. నాలుగవ పాదము ముగియుసరికి 12 వారములగును.

విడిచిన దినములందు మంచమున పడియుండుమని కాదు. ఆ దినములందు నడువవలెను. సైకిలు గుండెకు, కండరములకు మేలుచేయును గాని, శరీరభారమును సీటు మోయుటచే ఎముకలకు తగిన పని చెప్పదు. బహిష్టులుడిగిన స్త్రీలకు ఎముకల గట్టిదనము ముఖ్యము గనుక వారు నడకను సైకిలుకై మానరాదు.

ఒక పాదమునుండి తరువాతి పాదమునకు పోవుటకు ముందు, మరునాటి ఉదయము మంచము దిగి తొలి పది అడుగులు వేయునపుడు మోకాలు ఏమనుచున్నదో గమనించవలెను. తొడలలో తీపు ఉన్నచో చింతలేదు, రెండు మూడు దినములలో పోవును. కీలు లోపల నొప్పి, వాపు, మెట్లు దిగునపుడు పోటు ఉన్నచో పాదము పెంచరాదు. బ్యాంకు ఉద్యోగికి రెండవ పాదము మూడు వారములకు బదులు ఆరు వారములు పట్టినది. నాలుగవ నెల చివరకు ఆయన 40 నిమిషములు సుఖముగా తొక్కినారు. మధుమేహము మాయమైనదని నేను చెప్పను. నడుము కొలత తగ్గినది, రాత్రి నిద్ర పట్టుచున్నది, రైతుబజారుకు సంచి తగిలించుకొని సైకిలుపైననే పోవుచున్నారు. సైకిలు అమ్ముమన్న ఆ ఇల్లాలే ఇప్పుడు కూరల పట్టిక వ్రాసి యిచ్చుచున్నారు.

ముందు సైకిలుకు చికిత్స

సైకిలెక్కి మోకాటినొప్పి తెచ్చుకొన్నవారికి తైలము వ్రాయుటకు ముందు నేను సైకిలును తెప్పించి చూతును. చిన్ననాడు సీటు అందక పడిన బాధ మనసులో నున్నదో యేమో, పెద్దవారైన పిదప అందరును సీటును క్రిందికి దించుకొందురు. రెండు కాళ్లును నేలకు పూర్తిగా ఆనినచో ధైర్యము. కాని సీటు క్రిందికున్నచో పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు అతిగా ముడుచుకొని, చిప్పవెనుక ఒత్తిడి పెరిగి, మోకాటి ముందుభాగమున నొప్పి పుట్టును. మరీ ఎత్తయినచో నడుము అటునిటు ఊగును, మోకాటి వెనుక నరము లాగినట్లుండును.

కొలత సులభము. ఒకరు సైకిలును కదలకుండ పట్టుకొనవలెను. తొక్కునపుడు వేసికొను చెప్పులతోనే సీటుపై కూర్చుండి, మడమను పెడలుపై నుంచి, ఆ పెడలును అట్టడుగునకు దింపవలెను. అప్పుడు కాలు తిన్నగా చాచుకొన్నచో సీటు సరిగా నున్నట్లు. నిజముగా తొక్కునపుడు పాదపు ముందుభాగమును పెడలుపై నుంచెదము గనుక మోకాలు కొద్దిగా వంగియుండును. కావలసినది ఆ వంపే. బ్యాంకు ఉద్యోగి సైకిలుకు సీటును రెండు అంగుళములు పైకెత్తవలసివచ్చినది. ఈ ఎత్తున కూర్చున్నచో నేలకు మునివేళ్లే అందును. ఆగునపుడు సీటు దిగి ముందునకు జరిగి కాలు ఆనించుటను ముందుగా ఖాళీస్థలములో అభ్యసించవలెను.

కూర్చుండు ఎముకలు రెండును తొలి రెండు వారములు నొచ్చుట సహజము. అది చూచి మెత్తని లావుపాటి సీటు కవరు కొందురు. తొలిదినము సుఖముగా నుండును గాని, ఎముకలు అందులో దిగబడి నడిమి మెత్తని భాగము నొక్కుకొని తిమ్మిరెక్కును. తిమ్మిరి వచ్చినచో సీటు ముక్కును ఒకింత దించి, నడుమ నడుమ పెడళ్లపై లేచి నిలువవలెను. అప్పటికిని పోనిచో తొక్కుట ఆపి వైద్యునికి చూపవలెను.

కాలు వెనుకకు విసరి అడ్డకమ్మి మీదుగా ఎక్కుట 50 దాటినవారు క్రిందపడుటకు దగ్గరదారి. అడ్డకమ్మి లేని లేడీస్ సైకిలును పురుషులు తొక్కినచో తప్పేమియు లేదు, నవ్వువారు నవ్వుదురు గాక. చీర కట్టువారు చైనుకు నిండు కవరు, వెనుక చక్రమునకు శారీగార్డు ఉన్నదానినే తీసికొనవలెను. మెట్లక్రింది పాత సైకిలునే వాడదలచినచో ఓవరాయిలింగు చేయించి, టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించవలెను. గాలి తగ్గిన చక్రమును తిప్పు అదనపు శ్రమ మోకాళ్లపైననే పడును, కావున వారమునకొకసారి గాలి కొట్టించవలెను. గేర్లున్నచో తేలిక గేరులో చురుకుగా తొక్కవలెను. గేర్లు లేనివారు ఫ్లైఓవరు ఎదురైనచో దిగి నడిపించుకొనిపోవలెను.

కాలము, వేళ

హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గము 2023లో ప్రారంభమైనది. తక్కిన ఊళ్లవారికి అట్టి నీడ లేదు. తెల్లవారి వెలుగు వచ్చినది మొదలు ఎండ తగులువరకు గల సమయమే వారికి శ్రేష్ఠము. ఆరంభించుటకు కార్తీకము వెళ్లిన తరువాతి కాలము మంచిది. హేమంతము, శిశిరము బలకాలములు. శాస్త్రము వసంతమును కూడ అనుమతించినది గాని, మన ఎండలకు చైత్ర వైశాఖములలో ఒక పాదము తగ్గించుకొనుటయే నా సలహా. మంచు కురియు ఉదయములందు ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము ఉండవలెను. తలకు హెల్మెట్టు అన్ని కాలములందును ఉండవలెను.

అభ్యంగము, ఆహారము

దినచర్యాక్రమములో అభ్యంగము ముందు, వ్యాయామము తరువాత వచ్చును. అది ఇంటియందో గరిడీలోనో శ్రమించువారికి తగును. ఒంటినిండ నూనె పట్టించుకొని రోడ్డెక్కినచో దుమ్మంతయు అంటును, నూనె పాదము పెడలుపై జారును. అందుచే బయలుదేరుటకు ముందు మోకాళ్లకు, తొడలకు గోరువెచ్చని నువ్వులనూనె కొంచెము రాచి, అరికాళ్లకు రాయకుండ వదలవలెను. తిరిగివచ్చి చెమట ఆరిన పిమ్మట కాళ్లను మెల్లగా మర్దించి, పెసరపిండి గాని శనగపిండి గాని కలిపిన నలుగుతో వేడినీటి స్నానము చేయవలెను. శరీరము లావుగా నుండి కఫము అధికముగా గలవారు నూనె తగ్గించి పొడినలుగునే వాడవచ్చును. అజీర్ణముగా నున్ననాడు అభ్యంగము వలదు, సైకిలును వలదు.

మోకాలు వేడిగా, ఎర్రగా వాచియున్నప్పుడు తైలమర్దనము చేయరాదు. అది సామావస్థ. రెండు దినములు విశ్రాంతినిచ్చి తడిగుడ్డ వేయవలెను. వేడి తగ్గిన పిదప వావిలాకు కాచిన నీటితో గాని, ఉప్పుమూటతో గాని కాపడము పెట్టి, ఆపై మహానారాయణ తైలము రాయవచ్చును. మధుమేహముచే కాళ్లు మొద్దుబారినవారికి కాపడము వేడిని ఇంట్లో మరొకరు తమ చేతితో చూచి పెట్టవలెను. లేనిచో కాలినను తెలియదు.

అలసట తీరుటకు అశ్వగంధ చూర్ణము 3 గ్రాములు రాత్రి పాలతో తీసికొనుట ప్రసిద్ధము. అయితే కాలేయవ్యాధి గలవారు, థైరాయిడు మాత్రలు వాడువారు, గర్భవతులు దానిని తమంతట తాము వాడరాదు. ఇంటికి రాగానే అల్లము, కరివేపాకు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగుట అందరికిని మంచిది. తరువాత రాగిజావయో పెసరట్టో సరిపోవును. సైకిలు తొక్కితిని గదా అని హోటలులో నాలుగు పూరీలు తినివచ్చువారిని నేనెరుగుదును. 10 నిమిషముల శ్రమకు అది చాల ఎక్కువ బహుమానము.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడువారు పరగడుపున తొక్కరాదు. బయలుదేరుటకు ముందు కొంచెము తినవలెను. జేబులో గ్లూకోజు పొడి ఉండవలెను. వణుకు, చల్లని చెమట, కన్నులు తిరుగుట కలిగినచో తక్షణము దిగి మూడు చెంచాలు నోట వేసికొనవలెను. వ్యాయామము సాగినకొలది మాత్రల మోతాదు మార్చవలసి రావచ్చును. ఆ మార్పు చేయవలసినది వైద్యుడే.

గుండెజబ్బు వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, నాలుగడుగులకే ఆయాసపడువారు, తలతిరుగుడు గలవారు ముందుగా పరీక్షలు చేయించుకొని వైద్యుని అనుమతితోనే ఎక్కవలెను. రక్తము పడుచున్న మొలలు, గిలక గలవారు అవి నయమగువరకు ఆగవలెను. తొక్కునపుడు ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి వచ్చినచో సైకిలును అక్కడనే విడిచి ఆసుపత్రికి పోవలెను. వాయువని వాము నములుచు కూర్చుండరాదు.

ఊరి ప్రయాణమో పెండ్లియో వచ్చి వారము దినములు మానినచో ఉన్న పాదమునందే కొనసాగవచ్చును. రెండు వారములు దాటినచో ఒక పాదము వెనుకకు రావలెను. డెంగ్యూ, టైఫాయిడు వంటి జ్వరములు పడి లేచినవారు ఆకలి, నిద్ర మునుపటివలె కుదిరిన తరువాత 10 నిమిషములనుండి మరల మొదలిడవలెను. చికున్‌గున్యా వచ్చినవారికి కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండవచ్చును. ఉదయపు బిగువు పూర్తిగా విడువనంతకాలము వారు నడకతోనే సరిపెట్టుకొని, ఆపైననే సైకిలు తాళము తీయవలెను.